గొర్రె జ్ఞాపకంలో కొండ

ఇంగ్లండ్ వాయవ్య మూలన ఉన్న కంబ్రియా కౌంటీలో లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండ ప్రాంతం ఉంది. లోయ అడుగున రాతిగోడలు కట్టిన పచ్చిక పొలాలు, వాటి పక్కన ఇళ్లు, దొడ్లు. గోడలు కొండవాలు మీద కూడా కొంత దూరం ఎక్కుతాయి. చివరి గోడ దాటితే ఇక కంచె అనేది లేదు. శిఖరం మీదుగా అవతలి లోయ దాకా అంతా ఒకటే బీడు. అక్కడివాళ్లు దాన్ని ఫెల్ అంటారు. ఒకే ఫెల్ మీద నాలుగైదు కుటుంబాల మందలు మేస్తాయి. వెంట కాపరి ఉండడు. రాత్రికి దొడ్డికి తోలుకురారు. ఏడాదిలో ఎక్కువ భాగం, గాలివానలోనూ మంచులోనూ కూడా, గొర్రెలు కొండ మీదే గడుపుతాయి. అయినా ఏ మంద ఆ మంద తన భాగంలోనే మేస్తుంది. ఒక వాగు దగ్గరికో, ఒక రాళ్లగుట్ట దగ్గరికో, ఒక చిత్తడి పల్లం దగ్గరికో వచ్చి వెనక్కి తిరుగుతుంది. అవతల పచ్చిక ఇంకా ఏపుగా ఉన్నా చాలావరకు అటు పోదు.

పొద్దున మంద విప్పింది మొదలు పొద్దుగూకే దాకా కర్ర పట్టుకుని వెనకే నడిచే మన గొల్ల, కురుమ కాపరులను చూసినవాళ్లకు ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. మన దగ్గర హద్దులు కాపరి తలలో ఉంటాయి. ఆ కొండల్లో గొర్రె తలలో ఉన్నాయి. ఒక మందకు ఇలా అలవాటైపోయిన కొండ భాగాన్ని హెఫ్ట్ అంటారు. మారుమూల కొండల్లో గొర్రెల పెంపకం అనగానే ఎన్ని జీవాలు, ఎంత ధర, ఎంత సబ్సిడీ అనే లెక్కలు బయటికి తీస్తారు. ఆ బతుకుతెరువుకు అసలు పెట్టుబడి హెఫ్టే అని నా నమ్మకం. దాన్ని రాసుకునే పద్దు మాత్రం ప్రభుత్వాల దగ్గర లేకుండా పోయింది. అలా లేకపోవడం వల్ల ఏమవుతుందో ఆ కొండల రైతులు 1986లో ఒకసారి, 2001లో ఒకసారి అనుభవించారు.

ముందు ఆ జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో చూడాలి.

గొర్రె ఈనిన మొదటి గంటా రెండు గంటలు చాలా కీలకం. పిల్ల బయటికి వచ్చేటప్పుడు గర్భద్వారం సాగుతుంది, దాంతో తల్లి మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అంతకుముందు దాకా ఉమ్మనీటి వాసనే గిట్టని గొర్రె, ఆ క్షణం నుంచి ఆ తడిని వదలకుండా నాకుతుంది. నాకుతున్నంతసేపూ ఆ పిల్ల వాసన దాని మెదడులో ముద్ర పడుతుంది. ఆ ముద్ర పడ్డాక వేరే పిల్ల పొదుగు దగ్గరికి వస్తే తలతో కుమ్మి తరిమేస్తుంది.

పిల్ల చచ్చిన తల్లి, తల్లి చచ్చిన పిల్ల ఒకే రోజు చేతిలో పడితే కంబ్రియా కాపరి చేసే పని చూడడానికి కఠినంగానే ఉంటుంది. చచ్చిన పిల్ల కాళ్ల దగ్గర కోసి, చొక్కా విప్పినట్టు చర్మం ఒలుస్తాడు. ఇంకా వెచ్చగా ఉన్న ఆ చర్మాన్ని తల్లి లేని పిల్లకు తొడుగుతాడు. నాలుగు కాళ్లూ నాలుగు కన్నాల్లోంచి బయటికి లాగి, మెడ దగ్గర సర్దుతాడు. తల్లి దగ్గరికి వచ్చి తోక మొదట్లో మూతి పెట్టి వాసన చూస్తుంది. అనుమానంగా ఒకసారి వెనక్కి జరుగుతుంది, మళ్లీ వస్తుంది. తన పిల్ల వాసనే. కాళ్లు ఎడం చేసి నిలబడి పాలు తాగనిస్తుంది. ఒకటి రెండు రోజులకు ఆ గొర్రె పాలే ఒంటబట్టి పిల్ల వాసన మారుతుంది, అప్పుడు చర్మం తీసేస్తారు. ఆక్సిటోసిన్ పేరు ఎవరూ వినని కాలం నుంచీ ఈ పని జరుగుతూనే ఉంది.

ఇలా ముడిపడిన తల్లీపిల్లలను పిల్లకు కాస్త కాళ్లు గట్టిపడగానే, మే నెల ప్రాంతంలో, ఫెల్ మీదికి తోలేస్తారు. పిల్లకు ఇక అక్కడే చదువు. పడమటి గాలి విసిరే రోజున ఏ బండ చాటుకు చేరాలి, మంచు పడ్డాక ఏ వాలు ముందు కరుగుతుంది, వసంతంలో మొదటి చిగురు ఎక్కడ లేస్తుంది, పైకి పచ్చగా కనపడుతూ కాలు పెడితే మింగేసే చిత్తడి ఎక్కడుంది, ఇవన్నీ తల్లి వెనక నడిచి తెలుసుకోవాల్సిందే. శరదృతువులో పోతుపిల్లలను అమ్మేస్తారు. ఆడపిల్లల్లో మంచివాటిని మందలోనే ఉంచుకుంటారు. అవి పెద్దవై, అదే భాగంలో తిరిగి, తమ పిల్లలకు అదే దారి చూపిస్తాయి. కాబట్టి ఆ కొండ పటం తల్లి నుంచి కూతురికి మాత్రమే అందుతుంది. పొట్టేళ్లను బయటి మందల నుంచి తెచ్చుకున్నా దానికి భంగం లేదు.

ఇది పుట్టుకతో వచ్చే గుణమేమో అనే అనుమానం సహజం. అమెరికాలో కొండల మీద తిరిగే బిగ్‌హార్న్ అడవి గొర్రెలు దానికి జవాబిచ్చాయి. వేటాడడం వల్ల, పెంపుడు గొర్రెల నుంచి సోకిన జబ్బుల వల్ల అవి చాలా చోట్ల అంతరించిపోతే, మిగిలిన మందల నుంచి కొన్నింటిని పట్టి తెచ్చి ఖాళీ అయిన కొండల్లో వదిలారు. వయోమింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెట్ జెస్మర్ బృందం జీపీఎస్ పట్టీలు కట్టి వాటి కదలికలను గమనించింది. 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, పాత మందల్లో 65 నుంచి 100 శాతం దాకా గొర్రెలు రుతువును బట్టి కొండ ఎక్కుతూ దిగుతూ చిగురు వెంట వలస పోతాయి. కొత్తగా తెచ్చి వదిలినవాటిలో పదింట ఒకటి కూడా పోలేదు. జాతి అదే, రక్తం అదే, ఆ కొండ మాత్రం వాటికి తెలియదు. అలాంటి మందలో ఎక్కువ భాగం వలస దారులు పట్టడానికి సుమారు 40 ఏళ్లు పట్టింది. ఒక తరం నేర్చుకున్నదాని మీద ఇంకో తరం కొంచెం కలుపుకుంటూ పోవాలి.

గొర్రె తెలివి గురించి మనకున్న చిన్నచూపును వదిలించే ఇంకో పరిశోధన కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహం ఇన్‌స్టిట్యూట్‌లో జరిగింది. కీత్ కెండ్రిక్ బృందం గొర్రెలకు ఇతర గొర్రెల ముఖాల ఫొటోలు చూపించి పరీక్షించింది. 50 ముఖాలను విడివిడిగా గుర్తుపట్టి, రెండేళ్లకు పైగా అవి మరిచిపోలేదు. ఈ సంగతి 'నేచర్' పత్రికలో అచ్చయింది 2001 నవంబరులో. అప్పటికి కొద్ది వారాల ముందే అదే దేశంలో, లక్షల గొర్రెలను చంపించిన ఒక జబ్బు చివరి కేసు తేలింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ కొండలకు అచ్చంగా సరిపోయే జాతి హెర్డ్‌విక్. పుట్టినప్పుడు నల్లగా ఉంటుంది, ఏడాదికి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, వయసు పెరిగేకొద్దీ ఒళ్లు బూడిదరంగై ముఖం తెల్లబడుతుంది. ఉన్ని ముతక. పై పొరలోని బిరుసు వెంట్రుకల మీదుగా వాననీళ్లు జారిపోతాయి. ఆ ప్రాంతంలోని సీత్‌వెయిట్ అనే ఊళ్లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుందంటే ఆ బిరుసు వెంట్రుకల విలువ తెలుస్తుంది. పశువైద్యురాలు అమాండా కార్సన్, మరికొందరు 2009లో లెక్క తీస్తే, ఈ జాతి గొర్రెల్లో 95 శాతం 23 కిలోమీటర్ల వ్యాసార్ధం లోపలే ఉన్నాయని తేలింది. జాతి మొత్తం గుప్పెడు లోయల్లో ఉందన్నమాట. అక్కడ ఒక్క జబ్బు గట్టిగా పాకితే ఇంకెక్కడి నుంచీ తెచ్చుకోవడానికి ఉండదు.

అక్కడి కొండ రైతు ఏడాది, పగటి నిడివిని బట్టి నడుస్తుంది. చలిదేశాల గొర్రెలు పగలు కురచవుతున్నప్పుడు ఎదకు వస్తాయి. చీకటి గంటలు పెరిగేకొద్దీ మెదడులో మెలటోనిన్ ఎక్కువసేపు ఊరుతుంది, అదే సంకేతం. చూలు 147 రోజులు. నవంబరు రెండో సగంలో పొట్టేళ్లను వదిలితే ఏప్రిల్ మధ్యలో, పచ్చిక మొలిచే వేళకు ఈతలు మొదలవుతాయి. ఒక్క పదిహేను రోజులు ముందుకు జరిగినా పిల్లలు మంచులో పడతాయి. మన గొర్రెలకు ఈ కట్టుబాటు అంత గట్టిగా లేదు. పగటి నిడివి పెద్దగా మారని నేల కాబట్టి మేత దొరికితే ఏ నెలలోనైనా కడతాయి. ఉత్తరపు కొండల్లో ఏడాదికి ఒక్కటే అవకాశం. అది తప్పితే ఆ ఏటి రాబడి పోయినట్టే.

రాబడి అంటే ఏమిటి? ఉన్ని కాదు. ఒక గొర్రె ఉన్ని అమ్మితే వచ్చేది చాలా ఏళ్లుగా దాన్ని కత్తిరించిన కూలికి కూడా సరిపోవడం లేదు. కత్తిరించకపోతే వేసవిలో ఈగలు ఉన్నిలో గుడ్లు పెట్టి, పురుగులు బతికున్న గొర్రె చర్మాన్ని తొలిచేస్తాయి కాబట్టి నష్టానికైనా కత్తిరించాలి. ఎండుగడ్డి పండని ఎత్తుల్లో మాంసానికి తగ్గట్టు పిల్లలను బలిపించడమూ కష్టమే. అందుకని కొండ రైతు పోతుపిల్లలను కింది మైదానాల రైతులకు అమ్ముతాడు, వాళ్లు మేపి మాంసానికి పంపుతారు. నాలుగైదు ఈతలు ఈనిన ఆడగొర్రెలనూ కిందికే అమ్ముతాడు. కొండ బతుకుకు పళ్లు అరిగినా, మెత్తటి మేత దొరికేచోట అవి ఇంకొన్ని ఈతలు ఈనుతాయి. స్వేల్‌డేల్ వంటి కొండజాతులను బ్లూఫేస్డ్ లెస్టర్ పొట్టేళ్లతో దాటిస్తే పుట్టే మ్యూల్ గొర్రెలు బ్రిటన్ మైదానాల మందలకు మూలబలం. గట్టితనం, తల్లితనం పైన తయారవుతాయి, లాభం కింద పండుతుంది. సబ్సిడీ తీసేసి లెక్క వేస్తే కొండ రైతుకు గొర్రెల మీద సాధారణంగా నష్టమే మిగులుతుంది.

హెఫ్ట్ విలువ అక్కడి ఆచారానికి ఎప్పుడో తెలుసు. చాలా పొలాల్లో మంద రైతు సొంతం కాదు, పొలంతో పాటు వచ్చేది. కౌలురైతు వెళ్లిపోయేటప్పుడు ఇన్ని ఆడగొర్రెలను, ఇన్ని పిల్లలను ఆ కొండ మీదే వదిలి పోవాలని కౌలు పత్రంలో రాసుకుంటారు. పీటర్ రాబిట్ కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ ఆ లోయల్లో గొర్రెల రైతుగా స్థిరపడింది. 1943లో చనిపోతూ 14 పొలాలను, 4,000 ఎకరాలకు పైగా నేలను నేషనల్ ట్రస్టు అనే పరిరక్షణ సంస్థకు రాసిచ్చింది. తన కొండ పొలాల్లో హెర్డ్‌విక్ మందలనే ఉంచాలని కోరింది. పిల్లల కథలకన్నా ఆ వీలునామాకే నేనెక్కువ గౌరవం ఇస్తాను. నేల ఇచ్చినవాళ్లు చాలామంది ఉంటారు, నేలతో పాటు దాన్ని ఎరిగిన మందను కూడా నిలబెట్టాలని ఆలోచించినవాళ్లు అరుదు.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలింది. ఆ ధూళి మేఘం వారం తిరక్కముందే బ్రిటన్ మీదికి వచ్చింది. మే మొదటి రోజుల్లో కంబ్రియా, ఉత్తర వేల్స్, నైరుతి స్కాట్లండ్ కొండల మీద పెద్ద వాన కురిసి, గాలిలో ఉన్న రేడియోధార్మిక సీసియంను నేలకు దించింది. జూన్ 20న ప్రభుత్వం గొర్రెలను అమ్మకూడదు, కదపకూడదు అని ఆంక్ష పెట్టింది. కిలో మాంసంలో 1,000 బెక్వెరెల్‌లు దాటకూడదన్నది హద్దు. ఆంక్ష మూడు వారాలే ఉంటుందని అధికారులు చెప్పారు. ఆ మాట గాలిలోంచి రాలేదు, దాని వెనక శాస్త్రమే ఉంది. గొర్రె ఒంట్లో చేరిన సీసియం కొద్ది వారాల్లోనే సగానికి పడిపోతుంది. నేల మీద పడింది బంకమట్టి పొరల మధ్య ఇరుక్కుని వేళ్లకు అందకుండా పోతుంది. మైదానాల నేలల్లో జరిగేది సరిగ్గా ఇదే.

కొండ మీద ఉన్నది బంకమట్టి కాదు. వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని నాచు, గడ్డి పేరుకుని ఏర్పడిన పీట్ నేల అది. అందులో మట్టి ఖనిజాలు తక్కువ, ఆమ్లగుణం ఎక్కువ, పొటాషియం కరువు. రసాయన స్వభావంలో సీసియం పొటాషియంకు దగ్గర చుట్టం. పొటాషియం కోసం వెతుక్కునే వేళ్లు సీసియంను లోపలికి తీసుకుంటాయి. గొర్రె ఆ మొక్కను మేస్తుంది, పెంట వేస్తుంది, సీసియం మళ్లీ నేలకు, మళ్లీ వేరుకు చేరుతుంది. సీసియం-137 సగం తరగడానికే 30 ఏళ్లు పడుతుంది. మూడు వారాలన్న ఆంక్షను గడువు లేకుండా పొడిగించారు. మొదట్లో దాని కిందికి వచ్చినవి బ్రిటన్ మొత్తం మీద దాదాపు 9,800 పొలాలు, 42 లక్షలకు పైగా గొర్రెలు. చివరి పొలాలకు విముక్తి దొరికింది 2012 జూన్ 1న, 26 ఏళ్ల తర్వాత.

లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ విన్ ఆ ఏళ్లలో రైతులతో మాట్లాడి, శాస్త్రజ్ఞులకూ వాళ్లకూ మధ్య ఏం జరిగిందో రాశాడు. ఆ రాతల్లో నన్ను పట్టి ఆపిన ఘట్టం ఒకటి ఉంది. బెంటొనైట్ అనే మట్టిని పచ్చిక మీద చల్లితే సీసియం దానికి అంటుకుని గొర్రె ఒంట్లోకి పోదేమో చూడాలని ఒక ప్రయోగం తలపెట్టారు. ఫెల్ మీద పక్కపక్కనే కంచెలు కట్టి, వేర్వేరు మోతాదుల్లో మట్టి చల్లి, ఒక్కో గడిలో కొన్ని గొర్రెలను వదిలారు. రైతులు అప్పుడే చెప్పారు: ఇవి విడిగా తిరిగే జీవాలు, కంచెలో పెడితే చిక్కిపోతాయి, అప్పుడు మీ కొలతలు దేనికీ పనికిరావు. ఎవరూ వినలేదు. కొన్ని నెలలకు సరిగ్గా ఆ కారణంతోనే ప్రయోగాన్ని వదిలేశారు. వదిలేసినప్పుడు కూడా రైతులు ముందే చెప్పారన్న మాట ఎక్కడా ఒప్పుకోలేదని విన్ రాశాడు.

అధికారులు రైతులకు ఇచ్చిన ఇంకో సలహా, గొర్రెలను లోయలోకి దించి కొన్నాళ్లు ఉంచితే మాంసంలో సీసియం తగ్గుతుందని. అది నిజమే, తర్వాతి ఏళ్లలో రంగు పూసి గుర్తుపెట్టి కిందికి పంపే పద్ధతి దాని మీదే నడిచింది. కానీ లోయలో ఉండే పచ్చిక గుప్పెడు. చలికాలానికని కాపాడుకునే ఆ కాస్త మేతను వేసవిలోనే మేపేస్తే ఫిబ్రవరిలో చూడి గొర్రెలకు ఏం పెట్టాలి? పక్కనే సముద్రతీరంలో సెల్లాఫీల్డ్ అణు కేంద్రం ఉంది. 1957లో అక్కడి విండ్‌స్కేల్ రియాక్టర్‌లో మంటలు లేచి రేడియోధార్మిక ధూళి ఇదే కొండల మీద పడింది. తమ నేలలో ఉన్న సీసియం అంతా చెర్నోబిల్ నుంచే వచ్చిందా అని రైతులు అడిగారు. అంతా చెర్నోబిల్‌దే అని మొదట గట్టిగా చెప్పిన నిపుణులు, అందులో సగం దాకా పాతదేనని తర్వాత ఒప్పుకున్నారు. సీసియం లెక్కలు వచ్చినవాళ్లకు కొండ తెలియదు, కొండ తెలిసినవాళ్లను ఎవరూ అడగలేదు. ఆ 26 ఏళ్లలో గొర్రెను పరీక్షకు పట్టి ఇచ్చినందుకు రైతుకు ముట్టింది గొర్రెకు 1.30 పౌండ్లు.

2001 ఇంకా దారుణం. ఆ జబ్బు మన పశుపోషకులందరికీ తెలిసిందే, గాలికుంటు. మన దేశంలో టీకాలతో దాన్ని అదుపు చేసే ప్రయత్నం జరుగుతుంది. నోటిలో, గిట్టల మధ్య బొబ్బలు లేస్తాయి, జంతువు చిక్కుతుంది, పెద్ద గొర్రెల్లో చావు తక్కువ. కానీ జబ్బు ఉన్న దేశం నుంచి మాంసం, పశువులు కొనరు. ఎగుమతి మార్కెట్ కోసం బ్రిటన్ టీకా వద్దనుకుని వధను ఎంచుకుంది. ఫిబ్రవరి 20న ఎసెక్స్‌లోని ఒక కబేళాలో మొదటి కేసు ఖాయమైంది. సెప్టెంబరు 30న చివరిది తేలే లోపు 2,026 చోట్ల జబ్బు కనపడింది. వాటిలో 893 కంబ్రియాలోనివే. జబ్బు సోకినవి, పక్క పొలాల్లో ఉన్నందుకు సోకకపోయినా చంపినవి, కదలికల నిషేధం వల్ల మేత లేక చంపాల్సి వచ్చినవి, అన్నీ కలిపి 60 లక్షలకు పైగా జంతువులు పోయాయి.

కొండ రైతుకు దెబ్బ తగిలిన తీరు వేరు. మొదటి చలికాలాన్ని కొండ మీద తట్టుకోలేవని ఏడాది లోపు ఆడపిల్లలను నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తీరప్రాంతపు మెత్తటి బీళ్లకు, మేపుకు డబ్బిచ్చి పంపడం అక్కడి అలవాటు. ఆ ఫిబ్రవరిలో అవి అక్కడే ఉన్నాయి. జబ్బు ముందుగా పాకింది ఆ మైదానంలోనే. ఫెల్ మీద తల్లులు క్షేమంగా ఉండగా, కింద కూతుళ్లను చంపేశారు. హెర్డ్‌విక్ జాతిలో పోయినవి నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటాయని అంచనాలు. అంకె కన్నా నన్ను కలవరపెట్టేది పోయిన వయసు. తల్లుల దగ్గర ఒక వేసవి చదువుకుని, రేపు మందను నడిపించాల్సిన తరం మొత్తంగా పోయింది.

మందలు పూర్తిగా పోయినచోట పరిహారం వచ్చింది, వేరే లోయల నుంచి గొర్రెలను కొన్నారు కూడా. కొన్న గొర్రెను ఫెల్ మీద వదిలితే దానికి అది దారి తెలియని అడవి. పొరుగు మందలో కలిసిపోతుంది, శిఖరం దాటి అవతలి లోయలో దిగుతుంది, రోడ్ల మీదికి వస్తుంది. జబ్బుల బెడద ఇంకొకటి. పిడుదులు ఎక్కువగా ఉన్న కొండల్లో లూపింగ్ ఇల్ అనే మెదడువాపు జబ్బు ఉంటుంది. అక్కడే పుట్టిపెరిగిన గొర్రెలు దానికి రోగనిరోధక శక్తి సంపాదించుకుని, ముర్రుపాల ద్వారా పిల్లలకు మొదటి నెలల రక్షణ ఇస్తాయి. బయటి నుంచి వచ్చినవాటికి ఆ రక్షణ ఉండదు. కొన్ని ఫెల్‌ల మీద తాత్కాలికంగా తీగ కంచెలు వేశారు. కాపరులు మూడు తరాల కిందట తాతలు మానేసిన పనికి మళ్లీ దిగారు: రోజూ కుక్కతో కొండ ఎక్కడం, హద్దు దాటిన గొర్రెలను వెనక్కి మళ్లించడం, మర్నాడు మళ్లీ ఎక్కడం. ఇది కొన్ని వారాల్లో తేలే పని కాదు. వచ్చిన గొర్రెలు ఈని, వాటి పిల్లలు అక్కడే ఈనేదాకా సాగాలి.

అదే ఏడాది హెరిటేజ్ జీన్‌బ్యాంక్ అనే సంస్థ వెలిసింది. చావు పాకివస్తుంటే దానికన్నా ముందు పరుగెత్తి, కొండజాతుల వీర్యాన్ని, పిండాలను ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచింది. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి నమస్కరించాలి. జాతి అంతరించకుండా అది భరోసా. అయితే ఆ పిండం నుంచి పుట్టే గొర్రెకు ఉన్ని ఉంటుంది, గట్టి గిట్టలుంటాయి, పడమటి గాలికి ఏ బండ చాటుకు పోవాలో తెలియదు. అది నేర్పడానికి తెలిసిన గొర్రె ఒకటి కొండ మీద బతికి ఉండాలి.

కొండ గొర్రెల మీద ఒక గట్టి విమర్శ ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. గొర్రెలు మొక్కను మొలకలోనే కొరికేయడం వల్ల ఆ కొండలు చెట్లు లేకుండా బోడిగా మిగిలాయని, జీవవైవిధ్యం పోయిందని జార్జ్ మాన్‌బియో వంటి రచయితలు ఏళ్లుగా వాదిస్తున్నారు. 2017లో యునెస్కో లేక్ డిస్ట్రిక్ట్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో, అక్కడి గొర్రెల పెంపకాన్ని కూడా ఒక కారణంగా చూపి, చేర్చినప్పుడు ఆయన దాన్ని తీవ్రంగా ఖండించాడు. గొర్రెలు మితిమీరాయన్నది నిజం. ఎందుకు మితిమీరాయి? 1970లు, 80లలో ఐరోపా సబ్సిడీ తలకింత అని వచ్చేది. గొర్రె ఎక్కువైతే డబ్బు ఎక్కువ. రైతులు గొర్రెలను పెంచారు, హెదర్ పొదలు పోయి గడ్డి మిగిలింది. 2005లో తలలకూ డబ్బుకూ లంకె తెంపారు. అప్పుడు కొన్నిచోట్ల తగ్గించమన్నారు. ఒక హెఫ్ట్ మీద మందను బాగా తగ్గిస్తే పక్క మందలు ఆ ఖాళీలోకి జరుగుతాయి, ఎందుకంటే హెఫ్ట్‌ల హద్దును ఇటు మంద అటు మందా కలిసే నిలబెడతాయి. ఆఫీసులో తీసివేత చేసినంత తేలిక కాదు కొండ మీద తగ్గించడం. ఏ ఫెల్ మీద ఏ మంద ఎంత తగ్గాలో ఆ కాపరులను కూర్చోబెట్టి తేల్చినచోట పీట్ నేలలూ కోలుకుంటాయి, మందలూ నిలుస్తాయి.

తలల లెక్క మనకూ కొత్త కాదు. తెలంగాణ మెట్టలో పెరిగే నల్ల దక్కనీ గొర్రె, దాని ముతక ఉన్నితో నేసే గొంగడి, కురుమల బతుకు ఒకదానితో ఒకటి అల్లుకున్నవి. గొంగడికి గిరాకీ తగ్గింది, మాంసానికి పెరిగింది. ఉన్ని లేని, ఎత్తైన నెల్లూరు జాతి పొట్టేళ్లు మందల్లోకి వచ్చాయి, దక్కనీ పలచబడింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్‌గా, 75 శాతం సబ్సిడీతో పంచింది. జీవాలను ఎక్కువగా పొరుగు రాష్ట్రాల నుంచి కొన్నారు. గొల్లకురుమల చేతికి ఆస్తి ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే. ఏ జీవం ఏ నేల మీద పెరిగింది, ఏ మేతకు అలవాటు పడింది అన్న ప్రశ్న మాత్రం 20+1 లెక్కలో ఇమడలేదు. కాపరి వెంట నడిచే మన మందలకు హెఫ్ట్ ఉండదు నిజమే, కానీ నేలకు ఒళ్లు అలవాటు పడడం ఏ గొర్రెకైనా తప్పదు.

కంబ్రియాలో నేల విస్తీర్ణాన్ని బట్టి రైతుకు వచ్చిన పాత సబ్సిడీని 2021 నుంచి ఏటా కోస్తూ 2027తో ఆపేసేలా ఏర్పాటు చేశారు. దాని బదులు చెట్లకు, పీట్ నేలకు, శుభ్రమైన నీటికి డబ్బిస్తామంటున్నారు. మరోవైపు జీపీఎస్ పట్టీలు వచ్చాయి. గీసిన గీత దగ్గరికి జంతువు రాగానే పట్టీ మోగుతుంది, ఇంకా ముందుకు పోతే చిన్న షాక్ కొడుతుంది. హద్దు దగ్గర ఆపడానికి అది పనికొస్తుంది. తుపాను వచ్చే ముందు ఏ పల్లంలోకి దిగాలో చెప్పడం దాని వల్ల కాదు. కొత్త పథకాల్లో నాకు బాగా నచ్చినది పేరుకు చిన్నదే: బీడు మీద కాపరి నడిచి మందను కాసినందుకు హెక్టారుకు ఇంత అని ఇచ్చే చెల్లింపు. తలకు కాకుండా నడకకు ఇచ్చే డబ్బు అది.

ఆ నడక ఒక్క ఇంటి పని కాదు. ఉన్ని కత్తిరించడానికి, పిల్లలను వేరు చేయడానికి, పొట్టేళ్లను కలపడానికి ఏటా చాలాసార్లు ఫెల్ మొత్తాన్ని దింపాలి. ఆ రోజు ఆ కొండ మీద మందలున్న కుటుంబాలన్నీ కుక్కలతో తెల్లవారకముందే ఎక్కి, వరసగా విడిపడి, ఒకరి పిలుపు ఒకరికి అందేంత దూరంలో దిగుతూ వస్తారు. కింద దొడ్లో వీపు మీది రంగు గుర్తులు, చెవి కోతలు చూసి ఎవరివి వాళ్లకు విడదీస్తారు. ఏ పొలానిది ఏ గుర్తో తెలిపే పుస్తకాన్ని 1817 నుంచి అచ్చు వేస్తున్నారు. ఒక కుటుంబం గొర్రెలు మానేసి, ఇల్లు సెలవుల కోసం వచ్చేవాళ్లకు అమ్ముకుని పోతే ఆ వరసలో ఒక ఖాళీ పడుతుంది. గొర్రెలు అందులోంచే వెనక్కి పరుగెత్తుతాయి, మిగిలినవాళ్లు మర్నాడు మళ్లీ ఎక్కాలి. రెండో కుటుంబం పోతే ఆ ఫెల్‌ను ఒక్క రోజులో దింపడం సాధ్యం కాదు. అందుకే అక్కడి రైతు సంఘాలు ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు ఎన్ని గొర్రెలు ఉండాలన్నదాంతో పాటు, ఒక ఫెల్ మీద కనీసం ఎన్ని ఇళ్లు మిగలాలి అన్న ప్రశ్న కూడా పెట్టాలి.